టెలిఫోను సర్వేలో నమూనా ఎంపిక

టెలిఫోను సర్వేలో నమూనా ఎంపిక అంటే, ఒక ప్రాంతంలోని ప్రజలందరినీ ప్రశ్నించకుండా వారిలో కొందరికి మాత్రమే ఫోను చేసి వివరాలు సేకరించదలచినపుడు, ఆ కొందరిని ఎన్నుకునే పద్ధతి. ఇది సాంఖ్యక శాస్త్రంలో నమూనా సర్వేల విభాగానికి చెందిన విషయం. సర్వే ఫలితం అడిగిన ప్రశ్నల మీద ఎంత ఆధారపడి ఉంటుందో, ఎవరికి ఫోను చేశారు, వారిలో ఎవరు జవాబు చెప్పారు అనే విషయాల మీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది. ఎక్కువమందిని అడిగిన సర్వే తప్పక సరైనదై ఉంటుందనే అభిప్రాయం సామాన్యంగా ఉన్నది. కాని ఎంపికలో లోపం ఉన్నపుడు నమూనా పరిమాణాన్ని పెంచినా ఆ లోపం తొలగిపోదు.

హైదరాబాదు నగరంలోని అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి అనువైనవి. తరతరాలుగా ఉంటున్న కుటుంబాలు, అపార్ట్‌మెంట్లు, బస్తీలు, కోచింగ్ కోసం వచ్చి హాస్టళ్ళలో ఉండే విద్యార్థులు ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తారు. వీరందరినీ ఒకే ఫోను జాబితా ద్వారా చేరుకోవడం సాధ్యం కాదు.

ప్రాథమిక భావనలు

సర్వే ఎవరిని గురించి చేస్తున్నారో ఆ మొత్తం ప్రజలను సముదాయం అంటారు. ఆ సముదాయం నుండి ఎన్నుకోవడానికి చేతిలో ఉన్న జాబితాను నమూనా చట్రం అంటారు. చట్రం నుండి ఎన్నుకోబడినవారు నమూనా, లేదా వాడుకలో శాంపిల్. సముదాయమూ చట్రమూ ఒకటే అయితే సమస్య చాలావరకు తీరుతుంది. కాని టెలిఫోను సర్వేలలో ఈ రెండూ ఒకటి కావడం అరుదు. ఫోను లేనివారు సముదాయంలో ఉంటారు గాని చట్రంలో ఉండరు.

నమూనా సర్వేలలో వచ్చే దోషాలు ప్రధానంగా రెండు రకాలు.

* యాదృచ్ఛిక దోషం: అందరినీ కాక కొందరినే అడిగినందువలన కలిగే తేడా. నమూనా పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. లాటరీ పద్ధతిలో 1,000 మందిని ఎన్నుకుంటే, వచ్చిన శాతం అసలు శాతానికి సుమారు 3 శాతం అటూఇటూగా ఉంటుంది. నూటికి 95 సార్లు ఇలా జరుగుతుంది. 10,000 మందిని తీసుకుంటే ఈ దోష పరిమితి సుమారు 1 శాతానికి తగ్గుతుంది.
* ఎంపిక దోషం: సముదాయంలో కొన్ని వర్గాలు నమూనాలోకి రాకపోవడం వలన, లేదా తక్కువగా గాని ఎక్కువగా గాని రావడం వలన కలిగే తేడా. ఇది నమూనా పరిమాణంతో తగ్గదు.

పత్రికలలో సర్వే ఫలితాలతోపాటు ప్రకటించే దోష పరిమితి మొదటి రకానికి మాత్రమే సంబంధించినది. రెండవది ఎంత ఉన్నదో ఆ అంకె తెలియజేయదు.

చరిత్ర

టెలిఫోను జాబితాల వలన కలిగే ఎంపిక దోషానికి ప్రసిద్ధమైన ఉదాహరణ 1936 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నిక. లిటరరీ డైజెస్ట్ అనే వారపత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు తపాలా ద్వారా పంపింది. వీరి చిరునామాలలో ఎక్కువ భాగం టెలిఫోను డైరెక్టరీల నుండి, కార్ల యజమానుల జాబితాల నుండి తీసుకున్నవి. 23 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటి ప్రకారం ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. ఎన్నికలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సుమారు 61 శాతం ఓట్లతో గెలిచాడు. లాండన్‌కు రెండు రాష్ట్రాలు మాత్రమే దక్కాయి. ఆర్థిక మాంద్యపు కాలంలో ఫోను, కారు ఉన్నవారు సామాన్య ఓటరుకు ప్రతినిధులు కారు. పైగా బ్యాలెట్ అందుకున్నవారిలో నాలుగింట మూడు వంతులకు పైగా జవాబు ఇవ్వలేదు. ఈ రెండు కారణాలూ కలిసి ఫలితాన్ని తారుమారు చేశాయని తరువాతి పరిశోధకులు తేల్చారు. అదే ఎన్నికలో చాలా చిన్న నమూనాతో జార్జ్ గాలప్ రూజ్‌వెల్ట్ గెలుపును సరిగా ఊహించాడు.

తరువాతి కాలంలో అమెరికాలో దాదాపు ప్రతి ఇంటికీ ఫోను రావడంతో టెలిఫోను సర్వేలకు ఆదరణ పెరిగింది. డైరెక్టరీలో పేరు లేనివారిని కూడా చేరుకోవడానికి అంకెలను యాదృచ్ఛికంగా కూర్చి ఫోను చేసే పద్ధతి వచ్చింది. వారెన్ మిటోఫ్‌స్కీ 1970లో రూపొందించిన విధానాన్ని జోసెఫ్ వాక్స్‌బర్గ్ 1978లో సిద్ధాంతపరంగా వివరించాడు. దీనిని మిటోఫ్‌స్కీ–వాక్స్‌బర్గ్ పద్ధతి అంటారు.

భారతదేశంలో నమూనా సర్వేలకు పునాది వేసినవాడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన 1931లో కలకత్తాలో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించాడు. జాతీయ నమూనా సర్వే 1950లో మొదలైంది. ఫోన్లు కొద్దిమందికే ఉన్న కాలంలో ఈ సర్వేలన్నీ ఇంటింటికీ వెళ్ళి చేసినవే.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగు శాస్త్రవేత్త సి.ఆర్. రావు (1920–2023) ఈ రంగానికి ముఖ్యమైన భావనను అందించాడు. సముదాయంలో అందరూ సమానమైన అవకాశంతో మన కంటబడరనే విషయాన్ని ఆయన 1965లో భారిత విభాజనాల సిద్ధాంతంగా రూపొందించాడు. దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ సులభమైనది. తరగతిలోని మగపిల్లలను, తమతో కలిపి ఇంటిలో ఎందరు అన్నదమ్ములు, ఎందరు అక్కచెల్లెళ్ళు అని అడిగితే మొత్తం మీద మగపిల్లల సంఖ్యే ఎక్కువగా వస్తుంది. మగపిల్లలు లేని కుటుంబాలు ఆ నమూనాలోకి రావడానికి అవకాశమే లేదు. పిల్లలు అబద్ధం చెప్పలేదు, లెక్క తప్పలేదు. తేడా అంతా ఎంపికలోనే ఉన్నది.

నమూనా ఎంపిక పద్ధతులు

టెలిఫోను సర్వేలలో సాధారణంగా వాడే పద్ధతులు:

* డైరెక్టరీ పద్ధతి: అచ్చయిన టెలిఫోను డైరెక్టరీ నుండి ప్రతి వందవ పేరో, ప్రతి ఐదువందలవ పేరో తీసుకోవడం. సులభమైనది. కాని డైరెక్టరీలో లేనివారు, మొబైలు మాత్రమే ఉన్నవారు పూర్తిగా తప్పిపోతారు.
* యాదృచ్ఛిక అంకెల పద్ధతి: నంబర్లను కంప్యూటరు ద్వారా కూర్చి ఫోను చేయడం. జాబితా అవసరం లేదు. అయితే వాడుకలో లేని నంబర్లు, దుకాణాలు, కార్యాలయాలు చాలా తగులుతాయి. మిటోఫ్‌స్కీ–వాక్స్‌బర్గ్ పద్ధతిలో నంబర్లను వందేసి చొప్పున గుంపులుగా చేస్తారు. ఒక గుంపులో మొదట పిలిచిన నంబరు ఇంటిది అయితేనే ఆ గుంపును కొనసాగిస్తారు. దీనివలన వృథా తగ్గుతుంది.
* జాబితా పద్ధతి: ఖాతాదారులు, విద్యార్థులు, లబ్ధిదారులు మొదలైనవారి నంబర్ల నుండి ఎన్నుకోవడం. ఆ జాబితాలోని వారిని గురించి తెలుసుకోవడానికి ఇది మంచి పద్ధతి. ఊరంతటినీ గురించి చెప్పడానికి పనికిరాదు.
* ఇంటింటి సర్వే నంబర్ల పద్ధతి: ముందుగా ఇళ్ళకు వెళ్ళి శాస్త్రీయంగా ఎన్నుకున్న కుటుంబాల నంబర్లను సేకరించి, తరువాత వారికే ఫోను చేయడం. ఖర్చు ఎక్కువ, నమ్మకం కూడా ఎక్కువ.
* కోటా పద్ధతి: ఇంతమంది స్త్రీలు, ఇంతమంది యువకులు అని ముందే నిర్ణయించుకొని, ఆ సంఖ్య పూర్తయ్యేవరకు దొరికినవారిని అడగడం. బయటికి సమతూకంగా కనిపించినా, ప్రతి కోటాలోనూ సులభంగా దొరికేవారే చేరుతారు.
* ఐవీఆర్ఎస్ పద్ధతి: ముందే రికార్డు చేసిన గొంతుతో ప్రశ్న వినిపించి, జవాబుగా ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని అడగడం. తక్కువ ఖర్చుతో లక్షలమందికి చేయవచ్చు. చివరివరకు వినేవారు తక్కువ. మీట నొక్కినది ఎవరో నిర్ధారించడం కష్టం.

భారతదేశంలో ఫోను నంబర్ల తీరు

ల్యాండ్‌లైను రోజులలో నంబరును బట్టి ప్రాంతం తెలిసేది. హైదరాబాదు ఎస్టీడీ కోడు 040 తరువాత వచ్చే తొలి అంకెలు ఏ ఎక్స్ఛేంజికి చెందినవో తెలిస్తే, ఆ ఇల్లు ఏ పేటలో ఉన్నదో సుమారుగా చెప్పవచ్చు. ఒక పేటకు పరిమితమైన సర్వే చేయడం అప్పుడు సులభం.

మొబైలు నంబర్లతో ఈ సౌకర్యం పోయింది. పది అంకెల మొబైలు నంబరు తొలి అంకెలు మొదట కేటాయించిన సంస్థను, టెలికాం సర్కిలును మాత్రమే తెలుపుతాయి. 2014లో రాష్ట్ర విభజన జరిగినా టెలికాం సర్కిలు విభజన జరగలేదు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రెండూ ఆంధ్ర ప్రదేశ్ సర్కిలులోనే ఉన్నాయి. కాబట్టి నంబరును చూసి అది శ్రీకాకుళం వారిదో, ఆదిలాబాదు వారిదో చెప్పలేము. నంబరు మార్చకుండా సంస్థను మార్చుకునే సదుపాయం 2011 జనవరిలో దేశమంతటా వచ్చింది. 2015 జూలై నుండి వేరొక సర్కిలుకు మారినా పాత నంబరునే ఉంచుకోవచ్చు.

ఫలితాలను మార్చే అంశాలు

ఫోను లేనివారు: 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే మొబైలు ఉన్నవారు 54 శాతం. తెలంగాణలో ఇది సుమారు 60 శాతం. మిగిలిన స్త్రీల ఇళ్ళలో ఫోను ఉండవచ్చు గాని, అది భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. స్త్రీల ఆరోగ్యం, తాగునీరు, రేషను వంటి విషయాల మీద చేసే సర్వేలో ఈ లోటు నేరుగా ఫలితాన్ని మారుస్తుంది.

ఒకరికి రెండు నంబర్లు: రెండు సిమ్ములు ఉన్నవారు యాదృచ్ఛిక అంకెల పద్ధతిలో నమూనాలోకి వచ్చే అవకాశం రెట్టింపు అవుతుంది. అందుచేత మీకు ఎన్ని నంబర్లు ఉన్నాయి అని సర్వేలో అడిగి, దానికి తగినట్లు లెక్కను సరిచేస్తారు.

ఇంటిలో ఎవరు మాట్లాడాలి: ఉమ్మడిగా వాడే ఫోను అయితే ఎత్తినవారినే అడగడం సరికాదు. లెస్లీ కిష్ 1949లో ప్రతిపాదించిన పట్టిక ప్రకారం ఇంటిలోని పెద్దలందరినీ వరుసగా రాసుకొని, వారిలో ఒకరిని యాదృచ్ఛికంగా ఎన్నుకుంటారు. ఇటీవల పుట్టినరోజు జరిగినవారిని పిలవమని అడిగే పద్ధతి కూడా ఉన్నది. అయితే పుట్టిన తేదీ తెలియని పెద్దవారు ఉన్న ఇళ్ళలో ఇది సరిగా పనిచేయదు.

పిలిచే సమయం: పగటిపూట ఫోను చేస్తే గృహిణులు, పదవీవిరమణ చేసినవారు ఎక్కువగా దొరుకుతారు. ఒకసారి ఎత్తకపోతే వదిలివేయకుండా, వేర్వేరు రోజులలో వేర్వేరు వేళలలో మళ్ళీ ప్రయత్నించడం అవసరం.

భాష: హైదరాబాదులో తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ మాట్లాడగల సిబ్బంది లేకపోతే ఆ భాషలవారు మొదటి వాక్యం దగ్గరే తప్పుకుంటారు.

స్పందన: అమెరికాలోని ప్యూ పరిశోధనా కేంద్రం చేసిన టెలిఫోను సర్వేలలో స్పందన 1997లో 36 శాతం ఉండగా, 2018 నాటికి 6 శాతానికి పడిపోయింది. భారతదేశంలో కూడా వ్యాపార ప్రకటనల కాల్స్, మోసపు కాల్స్ పెరగడం వలన తెలియని నంబరును ఎత్తనివారు చాలామంది ఉన్నారు. ఎత్తినవారికీ ఎత్తనివారికీ అభిప్రాయాలలో తేడా ఉన్నపుడు సర్వే పక్కదారి పడుతుంది.

అమీర్‌పేట, పంజగుట్ట ఉదాహరణ

అమీర్‌పేటలోని మైత్రీవనం పరిసరాలు సాఫ్ట్‌వేరు కోర్సుల శిక్షణకు పేరు పొందాయి. ఇక్కడికి రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల నుండే కాక ఇతర రాష్ట్రాల నుండి కూడా యువతీయువకులు వస్తారు. వారికోసం అమీర్‌పేట, ఎస్సార్ నగర్, బల్కంపేట వీధులలో హాస్టళ్ళు వెలిశాయి. హైదరాబాదు మెట్రోలో మియాపూర్–ఎల్బీ నగర్ మార్గమూ, నాగోలు–రాయదుర్గం మార్గమూ అమీర్‌పేట స్టేషనులో కలుస్తాయి. పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉన్నది. దీనివలన ఈ ప్రాంతాలలో పగటిపూట కనిపించే జనమూ, రాత్రి నిద్రించే జనమూ వేరు. సర్వే నివాసులను గురించా, వచ్చిపోయేవారిని గురించా అనేది మొదటే తేల్చుకోవాలి.

హాస్టలు విద్యార్థి ఇక్కడ ఉండేది కొద్ది నెలలే కావచ్చు. అతని పేరు మీద ల్యాండ్‌లైను ఉండదు. మొబైలు నంబరు సొంత ఊరిలో తీసుకున్నది. ఓటు కూడా చాలావరకు అక్కడే ఉంటుంది. నీటి సరఫరా, అద్దెలు, రవాణా వంటి విషయాలలో అతడు ఈ ప్రాంతపు నివాసి. ఎన్నికల సర్వేలో మాత్రం అతనిని ఈ నియోజకవర్గపు ఓటరుగా లెక్కించకూడదు. అంటే ప్రశ్నను బట్టి సముదాయమే మారుతుంది.

ఎంపిక వలన ఫలితం ఎలా మారుతుందో కింది ఊహాత్మక ఉదాహరణ తెలుపుతుంది. ఇందులోని అంకెలు లెక్క కోసం అనుకున్నవి, వాస్తవ గణాంకాలు కావు. నివాసులలో 30 శాతం హాస్టళ్ళలో, 70 శాతం కుటుంబాలలో ఉన్నారనుకుందాం. హాస్టళ్ళవారిలో 80 శాతం, కుటుంబాలవారిలో 40 శాతం మెట్రో వాడుతున్నారనుకుందాం. అప్పుడు మొత్తం నివాసులలో మెట్రో వాడేవారు 24 + 28 = 52 శాతం.

* టెలిఫోను డైరెక్టరీ నుండి తీసుకున్న నమూనాలో హాస్టళ్ళవారు 5 శాతమే ఉంటే ఫలితం 4 + 38 = 42 శాతం.
* శిక్షణ సంస్థలలో చేరినవారి జాబితా నుండి తీసుకున్న నమూనాలో హాస్టళ్ళవారు 90 శాతం ఉంటే ఫలితం 72 + 4 = 76 శాతం.
* ఇద్దరికీ సమాన అవకాశం ఇచ్చిన నమూనాలో 52 శాతానికి దగ్గరగా వస్తుంది.

మూడింటిలోనూ అడిగినది 1,000 మందినే, ప్రశ్న కూడా ఒకటే. డైరెక్టరీ సర్వే తన ఫలితాన్ని 42 శాతం, దోష పరిమితి 3 శాతం అని ప్రకటిస్తుంది. నమూనాను 10,000కు పెంచితే 42 శాతం, దోష పరిమితి 1 శాతం అని ప్రకటిస్తుంది. రెండు సందర్భాలలోనూ అసలు విలువ అయిన 52 ఆ పరిమితికి బయటే ఉన్నది. రెండవ సర్వే మరింత ఖచ్చితంగా కనిపిస్తూ అంతే తప్పు చెబుతున్నది. ఇటువంటి సర్వేను బట్టి మెట్రో స్టేషనుకు రాత్రివేళ బస్సులు అవసరం లేదని నిర్ణయిస్తే, నష్టపోయేది నమూనాలో చోటు దొరకనివారే.

భారాల ద్వారా సవరణ

నమూనాలో తక్కువగా వచ్చిన వర్గానికి ఎక్కువ విలువ, ఎక్కువగా వచ్చిన వర్గానికి తక్కువ విలువ ఇచ్చి లెక్కించడాన్ని భారాలు వేయడం అంటారు. పై ఉదాహరణలో డైరెక్టరీ నమూనాలో హాస్టళ్ళవారు 30 శాతానికి బదులు 5 శాతం ఉన్నారు. కాబట్టి వారి ఒక్కొక్క జవాబును ఆరుగా లెక్కిస్తారు. కుటుంబాలవారి జవాబును సుమారు 0.74గా లెక్కిస్తారు. అప్పుడు ఫలితం మళ్ళీ 52 శాతానికి వస్తుంది.

ఈ సవరణకు మూడు పరిమితులు ఉన్నాయి. మొదటిది, అసలు 30 శాతం అనే అంకె జనగణన వంటి నమ్మకమైన మూలం నుండి తెలియాలి. రెండవది, హాస్టళ్ళవారి అభిప్రాయమంతా 1,000 మందిలో కేవలం 50 మంది మీద ఆధారపడుతుంది. అందుచేత మొత్తం దోష పరిమితి 3 నుండి సుమారు 4 శాతానికి పెరుగుతుంది. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. డైరెక్టరీ ద్వారా దొరికిన ఆ 50 మంది, దొరకని హాస్టళ్ళవారిని పోలి ఉండాలి. దొరికినవారు హాస్టలు యజమానులో, వార్డెన్లో అయితే వారి జవాబును ఆరింతలు చేసినా విద్యార్థి జవాబు కాదు. ఒక వర్గం నుండి ఒక్కరు కూడా నమూనాలోకి రాకపోతే భారాలు వేయడానికి ఏమీ ఉండదు.

తెలుగు రాష్ట్రాలలో టెలిఫోను సర్వేలు

అమీర్‌పేటకు ఆనుకొని ఉన్న బేగంపేటలో, నిజామియా అబ్జర్వేటరీ ఆవరణలో ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం (సెస్) ఉన్నది. 1980లో ఏర్పడిన ఈ సంస్థ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నిర్వహించే యంగ్ లైవ్స్ అధ్యయనంలో భాగస్వామి. ఈ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలతో మొదలైంది. మొదట 20 ప్రాంతాలను ఎన్నుకొని, వాటిలో పిల్లలను యాదృచ్ఛికంగా తీసుకున్నారు. ఆ ప్రాంతాలలో హైదరాబాదు కూడా ఉన్నది. పేద ప్రాంతాలకు కావాలనే ఎక్కువ చోటు ఇచ్చారు. కనుక దీని సగటులు రాష్ట్రం మొత్తానికి సగటులు కావని అధ్యయనం చేసినవారే పేర్కొన్నారు.

2020లో కోవిడ్ వలన ఇళ్ళకు వెళ్ళడం సాధ్యం కానపుడు, ఈ పిల్లలకే ఫోను ద్వారా సర్వే చేశారు. అప్పటికి వారు యువతీయువకులు అయ్యారు. 2020లో మూడుసార్లు, 2021లో మళ్ళీ ఫోను చేశారు. ఏళ్ళ తరబడి పరిచయం, ముందే సేకరించిన నంబర్లు ఉండడం ఈ సర్వేకు బలం. ఎవరు ఫోనుకు దొరకలేదో వారి పాత వివరాలు కూడా చేతిలో ఉంటాయి. కాబట్టి తప్పిపోయినవారు ఎటువంటివారో తెలుసుకొని లోటును అంచనా వేయవచ్చు. అంకెలను యాదృచ్ఛికంగా కూర్చి చేసే సర్వేలో ఇది వీలుకాదు.

భారతీయ రిజర్వు బ్యాంకు వినియోగదారుల విశ్వాస సర్వేను కూడా 2020 మేలో ఫోను ద్వారా నిర్వహించారు. అందులోని 13 నగరాలలో హైదరాబాదు ఒకటి. అంతకుముందు ఇళ్ళకు వెళ్ళి చేసిన విడతలతో ఇటువంటి ఫలితాలను పోల్చేటపుడు పద్ధతి మారిన సంగతి గుర్తుంచుకోవాలి. తగ్గుదలలో కొంత ప్రజల పరిస్థితి వలన, కొంత పద్ధతి వలన వచ్చి ఉండవచ్చు.

ప్రభుత్వ పథకాల మీద అభిప్రాయ సేకరణకు ఆంధ్ర ప్రదేశ్‌లో 2014 తరువాత ఐవీఆర్ఎస్ కాల్స్ విరివిగా వాడారు. రాజకీయ పక్షాలు కూడా అభ్యర్థుల మీద అభిప్రాయాల కోసం వీటిని వాడుతున్నాయి. ఇటువంటి సర్వేలలో పిలిచినవారి సంఖ్య లక్షలలో ఉన్నా, విలువను నిర్ణయించేది చివరి మీట నొక్కినవారు ఎవరనేదే.

సర్వే ఫలితాలను చదివేటపుడు

టెలిఫోను సర్వే ఫలితాన్ని అంచనా వేయడానికి కింది ప్రశ్నలు ఉపకరిస్తాయి.

* సర్వే ఎవరిని గురించి? నివాసులా, ఓటర్లా, ఖాతాదారులా?
* నంబర్లు ఎక్కడి నుండి తీసుకున్నారు? ఆ జాబితాలో ఎవరు లేరు?
* ఎందరికి ఫోను చేస్తే ఎందరు జవాబు చెప్పారు?
* ఇంటిలో ఎవరు మాట్లాడాలో ఎలా నిర్ణయించారు?
* ఏ భాషలలో, ఏ వేళలలో పిలిచారు?
* భారాలు వేశారా? వేస్తే దేని ఆధారంగా?

వీటికి జవాబులు ప్రకటించని సర్వేలో ఎంతమందిని అడిగారనే అంకె ఒక్కటే ఉంటే, దానిని బట్టి ఫలితం నమ్మదగినదో కాదో చెప్పలేము.

ఇవి కూడా చూడండి

* సాంఖ్యక శాస్త్రం
* సి.ఆర్. రావు
* ప్రశాంత చంద్ర మహలనోబిస్
* జాతీయ నమూనా సర్వే
* భారత జనగణన
* అమీర్‌పేట
* పంజగుట్ట